ట్యాంకు నోరు మూయించిన ఆపరేటరు

“సై...లెన్స్!” అన్నాడు మా డైరెక్టరు.

వరండాలో ఉన్న పదకొండుమందిమీ ఊపిరి బిగబట్టాం. వీధి మొదట్లో అరటిగెలల ఆటోని మా ప్రొడక్షన్ కుర్రాడు చేతులు బారజాపి ఆపేశాడు. పక్కింటి కోడిపుంజుని అంతకుముందే గంప కింద మూసేశాం. ఫ్యాన్లు ఆపేశాం. ఫ్రిజ్జు ప్లగ్గు పీకేశాం. రావులపాలెంలో ఇంత నిశ్శబ్దం 2020 లాక్‌డౌన్‌లో తప్ప మళ్ళీ వినలేదని కెమెరా కుర్రాడు గుసగుసలాడితే వాణ్ణి కూడా కసిరేశారు.

“యాక్షన్!”

“గర్ర్ర్ర్... కీయ్‌య్‌య్...”

అందరూ నోరు మూశారు. మూయనిది ఒక్కటే. ట్యాంకు!

పాఠక మహాశయులు కంగారు పడనక్కర్లేదు. 2015లో వచ్చిన ‘కంచె’ కోసం క్రిష్‌గారు జార్జియా దేశం వెళ్ళి యుద్ధం తీసుకొచ్చారు. మా బడ్జెట్టుకి జార్జియా కాదు గదా, గౌతమి వంతెన దాటి జొన్నాడ వెళ్ళి రావడానికే లెక్క చూసుకోవాలి. మాది పద్ధెనిమిది నిమిషాల పొట్టి చిత్రం. ట్యాంకు కూడా పొట్టిదే. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు వాడిన టైగర్ ట్యాంకుకి పదహారో వంతు నమూనా. ఫిరంగి గొట్టంతో కలిపి కొలిస్తే సుమారు మూరెడు. రిమోట్ మీద పుల్ల ముందుకి తోస్తే ముందుకి పోతుంది, వెనక్కి లాగితే వెనక్కి వస్తుంది. ఎడమ గొలుసుకి ఒక మోటారు, కుడి గొలుసుకి ఒక మోటారు, దేని గేరుబాక్సు దానిదే. కుడిది ఆగి ఎడమది తిరిగితే బండి కుడికి మళ్ళుతుంది. అసలు ట్యాంకుల సూత్రం కూడా దాదాపు ఇదే. ట్యాంకుకి పక్కకి మళ్ళే చక్రాలుండవు మరి.

ఇంతకీ ఆ షాట్ ఏమిటంటే... మామ్మ చాప మీద కూచుని చింతపండులో గింజలు తీస్తుంటుంది. మనవడు గుమ్మంలోంచి ట్యాంకుని మెల్లగా నడిపించి ఆవిడ కాళ్ళ దగ్గర ఆపాలి. ఆవిడ తలెత్తకుండా, “మీ నాన్న కూడా ఇలాగే చెప్పాపెట్టకుండా వచ్చీవోడురా” అనాలి. ఆ నాన్న మిలటరీలో ఉండేవాడు. ఇక రాడు. కథంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. ఆ ముక్క కాస్తా గర్ర్ర్‌లో కొట్టుకుపోయింది!

రికార్డిస్టు చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తీసి నా వంక చూశాడు. ట్యాంకు తెచ్చింది నేనే మరి.

మీకు అనుమానం రావచ్చు. డబ్బింగ్ ఎందుకు చెప్పించరాదూ అని. మన చిత్రసీమకి డబ్బింగేమీ కొత్త కాదు. ఔట్‌డోర్ షూటింగులకి ఏళ్ళ తరబడి వాడిన ఆరీఫ్లెక్స్ టూ-సీ కెమెరా తిరుగుతుంటే కుట్టుమిషను తొక్కినట్టుండేది. చప్పుడు బయటికి రాకుండా పైన బ్లింప్ అనే పెట్టె తొడగాలి. ఆ పెట్టె మొయ్యడానికి మనుషులు కావాలి, ఆ మనుషులకి బత్తా ఇవ్వాలి. అంతకంటే ఔట్‌డోర్‌లో బొమ్మ తీసుకుని, మాట తర్వాత థియేటర్లో చెప్పించుకోవడమే సుఖమని అందరూ ఆ దారి పట్టారు. అంటే ఒక రకంగా, కెమెరాలోని చిన్న చిన్న పళ్ళచక్రాల చప్పుడే మన సినిమాలో మాట ఎక్కడ పుట్టాలో నిర్ణయించిందన్నమాట!

2001లో ‘లగాన్’ లొకేషన్ మీదే మాట పట్టింది. 2018లో మన ‘కేరాఫ్ కంచరపాలెం’ ఆ ఊరి మనుషుల్నే నటింపజేసి, వాళ్ళ మాట అక్కడికక్కడే పట్టింది. మా డైరెక్టరుకి ఆ చిత్రం భగవద్గీత. అదలా ఉంచి, మా మామ్మతో డబ్బింగ్ కూడా ప్రయత్నించి చూశాం. ఆవిడ మా వీధి చివరింట్లో ఉంటుంది. నటన రాదు గనకే బ్రహ్మాండంగా చేసింది. కానీ మైకు ముందు నిలబెట్టి తెర మీద ఆవిడ బొమ్మే ఆవిడకి చూపిస్తే, డైలాగు చెప్పడం మానేసి, “ఏంటే ఆ అవతారం, తల దువ్వుకోలేకపోయావా?” అని బొమ్మతో మాట్లాడింది! ఆ మాట ఎంత బాగా వచ్చిందో, మేం రాసిన మాట అంత బండగా వచ్చింది. కనక మాట అక్కడే పట్టాలి. వేరే దారి లేదు.

తాడు కట్టి లాగుదామన్నారు. కనిపించని నైలాన్ దారం కట్టి లాగి చూశాం. గేర్లు బిగుసుకుని గొలుసులు తిరగలేదు. ట్యాంకు స్తంభించిన కాళ్ళతో చాప మీద జారుకుంటూ వచ్చింది, పెళ్ళికి రానని మొరాయించే పెళ్ళికొడుకుని లాక్కొస్తున్నట్టు.

“నాలుగు రోజులు టైమిస్తున్నాను. చప్పుడు ఆపు, లేదా సీనే ఎత్తేస్తాను” అన్నాడు డైరెక్టరు.

ఇక్కడ నా గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. నేను ఏ పత్రికలోనూ ఉద్యోగిని కాను. సినిమా సంగతులు రాసుకుని, రాసినదానికి డబ్బు వచ్చినప్పుడు తీసుకునేవాణ్ణి. చదివింది బి.ఏ. గేరు అనే పదం నా రాతల్లో ‘హీరోగారు గేరు మార్చారు’ అన్న వాక్యంలో తప్ప ఎక్కడా రాలేదు. ఈ ట్యాంకుని సెకండ్‌హాండ్‌లో కొన్నాను. అమ్మినవాడు, “మామూలు ప్లాస్టిక్ గేర్లు కాదు సార్, పూర్తి ఉక్కు గేర్లు వేయించాను” అని అదనంగా తొమ్మిది వందలు అడిగితే ఎగిరి గంతేసి ఇచ్చాను. ఉక్కు అంటే గొప్ప కదా! పాత ప్లాస్టిక్ గేర్లు ఓ కవర్లో పెట్టి ఊరికే ఇచ్చాడు. నా చేతి డబ్బు పెట్టి నేను కొనుక్కున్నది ఆ చప్పుడునేనని తర్వాత తెలిసింది.

ఇంటికి తెచ్చి వైద్యం మొదలెట్టాను. మొదట అమ్మ కుట్టుమిషను నూనె. పది నిమిషాలు చప్పుడు తగ్గింది. ఆ పల్చటి నూనె లోపలున్న కాస్త గ్రీజునీ కడిగేసి, గొలుసుల్లోకి కారి, అరుగంతా జిడ్డు చేసి, ఆనక చప్పుడు రెట్టింపైంది. తర్వాత ట్రాక్టర్ల షాపు నుంచి నల్లగ్రీజు తెచ్చి గుప్పెడు కూరాను. మోటారు ముక్కుతూ మూలుగుతూ తిరిగి, గంటసేపు రావాల్సిన బ్యాటరీ పావుగంటలో చచ్చింది. ఆఖరికి స్పాంజి ముక్కలు దోపాను. ఒక ముక్క పళ్ళ మధ్య ఇరుక్కుని బండి మొత్తానికే ఆగిపోయింది. నోరు మూయించమంటే పీక నొక్కానన్నమాట.

అప్పుడు లోపలి గదిలోంచి నాన్నగారు వచ్చారు. చప్పుడుకి కాదు, వాసనకి.

“మోటారు కాల్తోంది. స్విచ్చి తియ్యరా!”

మా నాన్నగారు సినిమా ఆపరేటరు. ముప్ఫై ఒక్కేళ్ళు ఒకే హాల్లో, ఒకే బూత్‌లో పనిచేశారు. ఇప్పటి పాఠకులకి ఆపరేటరంటే తెలియకపోవచ్చు. ఇప్పుడు హాల్లో మీట నొక్కితే బొమ్మ పడుతుంది. అప్పుడు కాదు. బూత్ అంటే ఇరుకు గది, రెండు ప్రొజెక్టర్లు, కార్బన్ కడ్డీలు మండే వేడి, పొగ. నిమిషానికి తొంభై అడుగుల ఫిల్ము పరిగెడుతుంది. పరిగెడుతుంది అంటే తప్పు. సెకనుకి ఇరవై నాలుగుసార్లు ఆగి, ఇరవై నాలుగుసార్లు గెంతుతుంది. బొమ్మ కదలకుండా నిలబడ్డప్పుడే వెలుగు పడాలి, కదిలేటప్పుడు రెక్క అడ్డం రావాలి. ఆ ఆగడం, గెంతడం చేసేది మాల్టీస్ క్రాస్ అని నాలుగు గాట్లున్న ఉక్కు ముక్క. పక్క చక్రం మీద ఉన్న చిన్న పిన్ను వచ్చి ఒక గాటులో దూరి దాన్ని పావు చుట్టు తిప్పి వదిలేస్తుంది. దాని ఇరుసు మీద పదహారు పళ్ళ చక్రం, పావు చుట్టుకి నాలుగు పళ్ళు, నాలుగు పళ్ళంటే ఒక బొమ్మ. ఇదంతా నూనె నింపిన డబ్బాలో మునిగి తిరుగుతుంది. అయినా టకటకటకా అంటూ నాలుగాటలూ ఆ చప్పుడు గదంతా నిండిపోయేది. బూత్ గోడలో అద్దం బిగించేది వెలుగు పోవడానికే కాదు, ఆ చప్పుడు హాల్లోకి రాకుండా ఉండడానికి కూడా. మనం కింద కూచుని ‘ఎంత శ్రావ్యంగా ఉందో పాట’ అనుకునేటప్పుడు, ఆ చప్పుడంతా పైన ఒకాయన తన చెవుల్లో పోసుకునేవాడు.

అలా ఆయన చెవులు పోయాయి. పూర్తిగా కాదు. ముందు పైస్థాయి శబ్దాలు పోయాయి. పిట్టకూత, కుక్కర్ విజిలు, ఫోను మోత. బస్సు ఇంజను వినబడుతుంది, పక్కన కూచున్న మనిషి మాట వినబడదు. 2012 ప్రాంతంలో మా హాల్లోకి డిజిటల్ వచ్చింది. ప్రొజెక్టర్లని తూకానికి అమ్మేశారు. నాన్నగారు ఇంటికొచ్చేశారు. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య మాటలేమిటంటే... “అన్నం తిన్నారా?”, “కరెంటు బిల్లు కట్టావా?” అంతే. ఏది చెప్పినా మూడుసార్లు అరవాలి. మూడోసారి అరిచేటప్పటికి విషయం చిన్నదైపోయి, కోపం పెద్దదైపోయేది. నేను మొదటిసారి చెప్పడమే మానేశాను.

ఆయన ట్యాంకు ముందు కూచున్నారు. కళ్ళజోడు సవరించుకున్నారు.

“ఏ చప్పుడు చేస్తోంది?”

“బోల్డంత చప్పుడు చేస్తోందండీ!” అని అరిచాను.

“ఎంత అని కాదు. ఏ చప్పుడు?”

నాకు అర్థం కాలేదు. ఆయనకి విసుగొచ్చింది. నా జేబులోంచి విలేకరి పుస్తకం లాక్కుని నా చేతికే ఇచ్చి, “విను, వినింది రాయి. నువ్వు రాసేవాడివేగా” అన్నారు. స్పాంజి పీకేసి, నల్లగ్రీజు కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టాక మళ్ళీ నడిపాం. నేను చెవి ఆనించి విన్నాను. అప్పటిదాకా ఒకటే అనుకున్నది ఒకటి కాదు! నాలుగు రాశాను: గరగర, కీచు, టకటక, బొంయ్‌మనే మోత.

ఆయన చదివి తల ఊపారు. “నాలుగు జబ్బులకి ఒకటే మందు పోస్తే ఎలారా?”

ముందు గొలుసులు విప్పించి, బండిని రెండు ఇటుకల మీద కూచోబెట్టి గాల్లో తిప్పించారు. టకటక మాయం! గొలుసు వదులై, తిరిగేటప్పుడు అంచు పలకకి తగులుతోందన్నమాట. ముందు చక్రం కాస్త జరిపి బిగువు సరిచేస్తే అది వదిలింది. మరీ బిగిస్తే మోటారుకి బరువు, మెడలో తాడులా ఒక వేలు ఆడేంత వదులుండాలన్నారు.

తర్వాత గేరుబాక్సులు రెండూ ఊడదీసి చేత్తో పట్టుకుని తిప్పించారు. నేను తెల్లబోయాను. చప్పుడు సగానికి సగం లేదు! బొంయ్‌మనే మోత గేర్లది కానే కాదు, డొల్ల పెట్టెది. వీణకి కుండ ఎందుకుంటుందో, ట్యాంకుకి అడుగు పలక అందుకున్నట్టే అయింది. గేరు సన్నగా వణికితే, స్క్రూల గుండా ఆ వణుకు పలకకి పాకి, పలక మొత్తం తప్పెటలా మోగుతోంది. దీని మందు తేలిక. పాత సైకిలు ట్యూబు కత్తిరించి గేరుబాక్సు కాళ్ళ కింద పల్చటి బిళ్ళలు వేశాం. కార్ల షెడ్డులో తలుపుల లోపల అంటించే తారు పలక ముక్క ఒకటి అడిగి తెచ్చి ట్యాంకు అడుగున అతికించాం. వేలితో కొట్టి చూస్తే ఇదివరకు ‘టంగ్’ అనేది, ‘దబ్’ అంది.

ఇక గరగర, కీచు. అసలు కథ ఇక్కడుంది.

నాన్నగారికి కీచు వినబడదు. ఆయన ఆ రెండు గేరుబాక్సుల్నీ చెరో చేత్తో పట్టుకుని, బొటనవేలు ఇరుసు చివర ఆనించి, కళ్ళు మూసుకున్నారు. కుడిదాన్ని చూపించి, “దీన్లో చుట్టుకొక్కసారి ఏదో తగుల్తోంది. వినబడుతోందా?” అన్నారు. చెవి పెట్టి విన్నాను. నిజమే. గరగర లోపల సన్నగా ‘టిక్... టిక్...’ నేను చెవులతో పట్టుకోలేనిది ఆయన వేలితో పట్టుకున్నారు. మోటారు తప్పేమోనన్నాను. కుడి మోటారు తీసి ఎడమకీ, ఎడమది కుడికీ మార్పించారు. గరగర కుడిలోనే ఉండిపోయింది. “మోటారుకి పాపం తెలీదు” అన్నారు.

విప్పి చూస్తే ఒక పన్ను అంచున వెంట్రుకవాసి ఉక్కు పొడుచుకొచ్చి ఉంది. సన్నటి ఆకురాయితో నాలుగుసార్లు రాశారు. ఇరుసుని గోటితో అటూ ఇటూ లాగి చూపించారు. పక్కలకి ఆడుతోంది. దానికి కాగితమంత పల్చటి వాషరు ఒకటి వేశాం. రెండు వేస్తే బిగిసింది. తీసేశాం. “ఆడకూడదు, బిగియకూడదు” అని ఆయన ఆ నాలుగు రాత్రుల్లో ఎన్నిసార్లన్నారో!

కీచుకి కారణం మోటారు చివరి బుల్లి చక్రం, దాని పక్క పెద్ద చక్రం మరీ దగ్గరగా బిగుసుకుని ఉండడం. రెండు పళ్ళచక్రాల మధ్య రవ్వంత సందుండాలిట. లేకపోతే రుద్దుకుని కీచుమంటాయి, ఎక్కువుంటే కొట్టుకుని గరగరమంటాయి. ఆ రవ్వంతని కొలవడం ఎలా? నాన్నగారు లేచి వెళ్ళి, తన ట్రంకుపెట్టె తెరిచి, గులాబీరంగు కాగితం తెచ్చారు. హాలు మూసేనాడు మిగిలిపోయిన నేలటిక్కెట్ల పుస్తకం! ఒక టిక్కెట్టు చీల్చి రెండు చక్రాల మధ్య పెట్టి, మోటారుని దానికి ఆనేలా నొక్కి, స్క్రూలు బిగించి, చక్రం తిప్పి కాగితం బయటికి లాగారు. చిరిగింది. మళ్ళీ వదులు చేసి ఇంకో టిక్కెట్టు. ఈసారి చిరగలేదు, చీర కుచ్చిళ్ళలా మడతలు పడి బయటికొచ్చింది. “ఇదీ సందు” అన్నారు. ఎనిమిది టిక్కెట్లు ఖర్చయ్యాయి. అన్నీ సెకండ్ షోవే.

అయినా కీచు పూర్తిగా పోలేదు. నేను పుస్తకంలో ‘ఇంకా ఉంది’ అని రాసి చూపించాను. ఆయన కాసేపు ఊరుకుని, మళ్ళీ ట్రంకుపెట్టె తెరిచారు. ఈసారి రుమాల్లో చుట్టిన గోధుమరంగు చక్రం ఒకటి తీశారు. అరచేయంత ఉంది. చెక్కా కాదు, ఇనుమూ కాదు. ఫైబరు. ప్రొజెక్టర్ని తూకానికి వేసిననాడు ఆయన జేబులో వేసుకొచ్చిన ఒకే ఒక్క వస్తువు.

“ఉక్కు మీద ఉక్కు నడిస్తే అరుపులే. అందుకే మా మిషన్లో ఉక్కు పక్కన ఇది పెట్టేవారు. ఇది కాస్త సర్దుకుంటుంది. చప్పుడు మింగుతుంది. అరిగితే ఇది అరుగుతుంది, ఉక్కు మిగుల్తుంది.”

ఆయన ఆ మాట చక్రం గురించే అన్నారు. నేను మాత్రం వేరే వైపు చూడాల్సి వచ్చింది.

మీతో ఒక సంగతి చెప్పుకుంటాను, ఇంట్లో ఇప్పటిదాకా చెప్పలేదు. నా చిన్నప్పుడు ఫిల్ము తెగినా, బొమ్మ మసకబారినా హాలంతా ఒక్క గొంతుతో ‘ఒరేయ్ ఆపరేటర్!’ అని మొదలెట్టి, ఆ వెనకాల అచ్చులో వెయ్యడానికి వీల్లేని మాటలు అనేవారు. తొమ్మిదో తరగతిలో నేను నా స్నేహితులతో నేలలో కూచున్నప్పుడు ఓసారి అదే జరిగింది. వాళ్ళు అరిచారు. నేను ఊరుకుంటే ఆ ఆపరేటరు మా నాన్నగారని గుర్తొస్తుందేమోనని భయపడి, నేనూ అరిచాను. అందరికంటే గట్టిగా అరిచాను. ఆ గోల అద్దం దాటి ఆయన చెవిన పడిందో లేదో ఇప్పటికీ అడగలేదు.

సరే. ఊరికే ఇచ్చిన కవర్లోని పాత ప్లాస్టిక్ గేర్లు గుర్తొచ్చాయి. పళ్ళు లెక్కపెట్టాం. మోటారు పక్కన తిరిగే మొదటి చక్రానికి సరిగ్గా సరిపోయే ప్లాస్టిక్ చక్రం ఉంది, ఇరుసు రంధ్రం మాత్రం పెద్దది. లేత్ షెడ్డు కుర్రాడు ఇత్తడి బుష్ ఒకటి తిప్పి ఇచ్చాడు. అన్నీ ప్లాస్టిక్‌వే వేసేద్దామన్నాను నేను. నాన్నగారు ఒప్పుకోలేదు. మోటారు దగ్గర వేగం ఎక్కువ, బరువు తక్కువ. చప్పుడంతా అక్కడే పుడుతుంది గనక అక్కడ మెత్తటిది. గొలుసు దగ్గరికి వచ్చేసరికి వేగం తగ్గి బలం పెరుగుతుంది గనక అక్కడ ఉక్కే ఉండాలి, లేకపోతే గుమ్మం ఎక్కేటప్పుడు పళ్ళు రాలిపోతాయి. గ్రీజు విషయంలో కూడా నా గుప్పెడు వైద్యం పనికిరాదన్నారు. కొన్ని నూనెలు ప్లాస్టిక్‌ని పగలగొడతాయి. అందుకని ప్లాస్టిక్‌కి పడే సిలికాన్ గ్రీజు తెప్పించి, అగ్గిపుల్ల చివరతో ఒక్కో పంటికీ అంటీఅంటనట్టు రాశారు. ఇటుకల మీద అరగంట ముందుకి, అరగంట వెనక్కి నెమ్మదిగా తిప్పి, విప్పి, మసి తుడిచి, మళ్ళీ రాసి బిగించాం.

ఈ నాలుగు రాత్రులూ ఆయన వేళ్ళు, నా చెవులు కలిసి ఒక మనిషి పని చేశాయి. నేను విని రాయడం, ఆయన తాకి చెప్పడం. రెండోరాత్రి నుంచి ఆయన అడక్కుండానే బూత్ కబుర్లు చెప్పడం మొదలెట్టారు. మా ప్రాంతంలో ఆత్రేయపురం దగ్గర పులిదిండిలో తీసిన బాపుగారి ‘సాక్షి’, 1967లో వచ్చిన చిత్రం, ఎన్నో ఏళ్ళ తర్వాత మళ్ళీ వేసినప్పుడు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తమ గట్లూ రేవులూ తెరమీద చూసుకోడానికి వచ్చారుట. ఆయన రీలు మార్చే తొందరలో ఉండి, తెరకేసి చూడనేలేదుట. “ముప్ఫై ఏళ్ళలో ఒక్క సినిమా మొదట్నుంచి చివరిదాకా చూడలేదురా. విన్నదీ లేదు. మిషనే విన్నాను” అన్నారు. సినిమాల మీద రాసి బతికే నాకు ఇన్నేళ్ళలో ఆయన్ని ఒక్క ప్రశ్న అడగాలని తోచలేదు. అమ్మ గుమ్మంలో నిలబడి, “తండ్రీకొడుకులు ఇన్నాళ్ళకి మాట్లాడుకుంటున్నారు, అదీ పళ్ళచక్రాల గురించి!” అని మూతి విరిచి కాఫీ ఇచ్చి పోయింది.

ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. ట్యాంకు మరీ నత్తనడక నడిస్తే సన్నటి ఈల ఒకటి వచ్చేది. నాన్నగారి వేలికి అందలేదు. అది గేర్లది కాదు. వేగం తగ్గించడానికి మోటారుకి కరెంటుని ముక్కలుముక్కలుగా వదులుతుందిట లోపలి బోర్డు, ఆ ముక్కల ఈల అది. గ్రీజుకి లొంగేది కాదు. కుర్రాణ్ణి పుల్ల ఇంకాస్త ముందుకి తొయ్యమన్నాం. ఈల తగ్గింది. వెనక్కి నడిపితే కుడిది కాస్త మూలుగుతుంది కూడా. మా షాట్‌లో ట్యాంకు వెనక్కి పోదు గనక వదిలేశాం.

అయిదో రోజు మళ్ళీ అదే వరండా, అదే కోడిపుంజు, అదే గంప. నాన్నగారిని కూడా తీసుకెళ్ళి తలుపు వెనకాల స్టూలు మీద కూచోబెట్టాను.

“సైలెన్స్... యాక్షన్!”

ట్యాంకు గుమ్మం దిగింది. చాప మీద గొలుసు పాకుతున్న చిన్న గరగర, అంతే. ఎండుటాకుల మీద పిల్లి నడిచినట్టుంది. రికార్డిస్టు కనుబొమ్మలెత్తాడు. ట్యాంకు వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర ఆగింది. మామ్మ తలెత్తలేదు. గింజ తీసి పక్కన పెట్టి, ఎవరితోనో కాదన్నట్టు, “మీ నాన్న కూడా ఇలాగే చెప్పాపెట్టకుండా వచ్చీవోడురా” అంది. ఆ మాట ఆవిడ ఎలా అందో నేను రాయలేను. కెమెరా కుర్రాడి చెయ్యి వణకడం కనిపించింది.

సరిగ్గా అప్పుడు తలుపు వెనకాల నుంచి, చెవిటివాళ్ళు మాట్లాడేంత గట్టిగా, గొంతు!

“ఏరా, నడుస్తోందా?”

యూనిట్టంతా గతుక్కుమంది. నాన్నగారికి ‘సైలెన్స్’ వినబడలేదు. ట్యాంకూ వినబడలేదు. అది కదిలిందో లేదో ఆయనకి తెలియదు. నేను తలుపు సందులోంచి చెయ్యి చాచి ఆయన చెయ్యి పట్టుకుని రెండుసార్లు నొక్కాను.

మామ్మకి ఇదేమీ పట్టలేదు. గొంతు వచ్చిన వైపు తల తిప్పి చూసి, మళ్ళీ చింతపండు అందుకుంది. డైరెక్టరు కట్ చెప్పలేదు. మరో అరనిమిషం కెమెరా తిరగనిచ్చాడు.

తర్వాత ఇంకో మూడు టేకులు తీశాం. మూడూ శుభ్రంగా ఉన్నాయి, మూడింట్లోనూ మామ్మ డైలాగు అప్పజెప్పింది. ఎడిటింగ్‌లో నాలుగూ వేసి చూశాక మొదటిదే ఉంచాడు డైరెక్టరు, ఆ గొంతుతో సహా. పక్కింట్లోంచి ఎవరో ఎవర్నో అడుగుతున్నట్టుంటుంది. చూసినవాళ్ళు, ఆ డైలాగు ఎవరు రాశారండీ అని నన్నడిగారు.

టైటిల్స్‌లో ఏం వెయ్యమంటారని నాన్నగారిని పుస్తకంలో రాసి అడిగాను. గేర్లు, సాంకేతిక సహకారం, గాత్రం... ఏదైనా వేస్తామన్నారు మా వాళ్ళు. ఆయన కాసేపు ఆలోచించారు.

“ఆపరేటరు అని వెయ్యమను” అన్నారు. “తెలుగులో వెయ్యమను. పెద్దక్షరాల్తో.”